దక్షిణాన కెనడా

ఆదివారం రాత్రి

ఇవాళ పెద్దగా ఏమీ జరగలేదు. పొద్దున ఇడ్లీలు తిని డెట్రాయిట్ డౌన్‌టౌన్ వెళ్లొచ్చాం. సాయంత్రం గుడికి వెళ్దామనుకున్నాం గానీ ఓపిక లేక మానేశాం. అయినా నాన్న వల్ల ఇది రాసుకోవాలనిపించింది.

నాన్న సర్వే డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. తెనాలి చుట్టుపక్కల ఆయన కొలత గొలుసు పడని చేను లేదని అమ్మ అంటూ ఉంటుంది. డెట్రాయిట్ దగ్గరున్న మా ఊరు నోవై వచ్చిన దగ్గర్నుంచి ఆయనది ఒకటే గొడవ, ఇక్కడ పొద్దు గుంకదేమని. జూన్‌లో మాకు రాత్రి తొమ్మిది దాటితే గానీ సూర్యుడు అస్తమించడు. కిటికీలోంచి ఎండ పడుతుంటే రాత్రి భోజనం చెయ్యడానికి ఆయనకి మనసొప్పదు. "ఇది రెండో మధ్యాహ్నం భోజనంలా ఉందమ్మా" అంటూనే పెరుగన్నం కలుపుకుంటారు.

డెట్రాయిట్ నది ఒడ్డున నడుస్తూ, "నాన్నా, అవతల కనిపించేదే కెనడా. ఆ ఊరు విండ్సర్" అని చూపించాను. ఆయన విండ్సర్ వైపు చూడలేదు. ముందు సూర్యుణ్ణి, తర్వాత రైలింగ్ గుంజ కింద పడిన మూరెడు నీడని చూశారు. నీడ మా కాళ్ల వైపు, డెట్రాయిట్ బిల్డింగుల వైపు ఉంది.

"ఇటు దక్షిణం. కెనడా ఉత్తరాన కదమ్మా ఉండాలి?"

నేనూ వచ్చిన కొత్తలో ఇదే అడిగాను. డౌన్‌టౌన్ నుంచి నేరుగా దక్షిణానికి వెళ్తే ముందు తగిలే పరాయి దేశం కెనడాయే. సెయింట్ క్లెయిర్ సరస్సు నుంచి ఈరీ సరస్సుకి వెళ్లే ఈ నది సరిగ్గా ఇక్కడ పడమరకి వంపు తిరుగుతుంది. కెనడాలోని ఒంటారియో కొస ఒకటి ఆ వంపు కిందికి వచ్చి కూర్చుంది. ఎదురుగా కనిపించే అంబాసిడర్ బ్రిడ్జి 1929లో కట్టింది, కింద నుంచి వెళ్లే సొరంగం 1930లోది.

దిక్కు సంగతి తేలాక నాన్న టైమ్ అడిగారు. ఒంటిగంటన్నర. "సూర్యుడు సరిగ్గా దక్షిణాన ఉన్నాడంటే ఇప్పుడు పన్నెండు కావాలి. ఈ ఊరి రేఖాంశం ఎంత?" ఫోన్‌లో చూసి 83 పడమర అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. మన దేశం టైమ్ లెక్క కట్టే 82.5 డిగ్రీల తూర్పు రేఖ కాకినాడ పక్కనుంచే వెళ్తుంది. "అయితే కాకినాడ అటు ఎంతో ఇది ఇటు అంత" అన్నారు. కాకినాడలో గడియారమూ సూర్యుడూ ఇంచుమించు కలిసే నడుస్తాయి. ఇక్కడెందుకు కలవవంటే, మా గడియారాలు నడిచే ఈస్టర్న్ టైమ్ 75 డిగ్రీల పడమర రేఖకి కుట్టిన చొక్కా, డెట్రాయిట్ దానికి ఎనిమిది డిగ్రీలు పడమరన ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 32 నిమిషాలు, పైన ఎండాకాలం ముందుకి జరిపే గంట. మొత్తం ఒంటిగంటా ముప్ఫై రెండు. వేళ్ల మీద లెక్కేసి చెప్పారు నాన్న. డెట్రాయిట్ 1915 వరకూ షికాగోతో పాటు సెంట్రల్ టైమ్‌లోనే ఉండేది, తర్వాత ఇటు మారింది. "అదీ సంగతి. రాత్రి భోజనం మీ గడియారానికి ఎనిమిదిన్నర, నా కడుపుకి ఏడు" అని తేల్చేశారు. రేపటి నుంచి ఏం చేస్తారో చూడాలి.

ఆ బ్రిడ్జి చూసినప్పుడల్లా నాకు చిన్న టెన్షన్. వీసా స్టాంపింగ్ గడువు అయిపోయి కాగితాల మీద నడిచే మాలాంటి వాళ్లకి ఇక్కడ హైవే మీద లేన్ తప్పడమంటే మామూలు విషయం కాదు. ఒక ఎగ్జిట్ పొరపాటున తీసుకుంటే తేలేది కెనడా గేటు దగ్గర. మా ఆయన ఆ బోర్డు కనిపించగానే రేడియో ఆపేస్తాడు. నాన్న అది గమనించారు గానీ ఏమీ అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఫ్రీవే వద్దు, ఊళ్లోంచి పోదామన్నారు. వుడ్‌వర్డ్ అవెన్యూ పట్టుకున్నాం. ఈ రోడ్డు మీద ఆరో మైలుకీ ఏడో మైలుకీ మధ్య 1909లో కాంక్రీటు పోశారు. ఒక మైలు పొడవునా కాంక్రీటు రోడ్డు ఈ దేశంలో అదే మొదలని చెబుతారు. అయితే నాన్నకి కాంక్రీటు పట్టలేదు, మైళ్లు పట్టాయి. ఇక్కడ అడ్డరోడ్లకి ఊరి నడిబొడ్డు నుంచి ఎన్ని మైళ్లో అదే పేరు. సెవెన్ మైల్, ఎయిట్ మైల్, ముప్ఫై దాటి కూడా పోతాయి. మా ఇల్లు టెన్ మైల్‌కి దగ్గర. నేరుగా ఉత్తరానికి పోతే ఒక రోడ్డు నుంచి ఇంకో రోడ్డుకి ఓడోమీటర్‌లో ఇంచుమించు మైలు.

ఇదంతా 1785 నాటి చట్టం పుణ్యం. కొత్తవాళ్లు వచ్చి స్థిరపడక ముందే నేలని ఆరు మైళ్ల చదరాలుగా కొలిచి, ఒక్కోదాన్ని 36 ముక్కలు చేశారు. ఒక్కో ముక్క చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. పదహారో నంబరు ముక్క బడికి. కొలిచింది ఇనప గొలుసుతోనే. 66 అడుగులు, వంద లింకులు, ఎనభై గొలుసులు మైలు, పది చదరపు గొలుసులు ఎకరం. ఇవన్నీ నేను చదివి చెబుతుంటే నాన్న నాకంటే ముందు పూర్తి చేసేశారు. తెనాలి పొలాల్లో ఆయన పట్టిందీ ఆ గొలుసే. "మాకు కాలవలూ డొంకలూ ముందొచ్చాయమ్మా, గొలుసు తర్వాత వెళ్లింది. అందుకే మా ఎఫ్ఎంబీల్లో, అంటే పొలాల కొలతల పుస్తకాల్లో, సరళరేఖ ఒక్కటీ ఉండదు. వీళ్లకి గీత ముందొచ్చింది."

ఎయిట్ మైల్ రోడ్డు ఆ గీతల్లో మూలగీత. 1815లో మొదలుపెట్టి మిషిగన్ నేలంతా కొలిచింది ఈ బేస్‌లైన్ నుంచే. ఇవాళ్టికీ ఇటు ఒక కౌంటీ, అటు ఇంకొకటి. తర్వాత్తర్వాత నల్లవాళ్ల ఊరికీ తెల్లవాళ్ల సబర్బులకీ ఇదే సరిహద్దు అయింది. ఈ రోడ్డుకి కాస్త దక్షిణంగా అరమైలు పొడవు, ఆరడుగుల ఎత్తు గోడ ఒకటి ఉంది. 1941లో తెల్లవాళ్ల కోసం ఇళ్లు కట్టే బిల్డరుకి ప్రభుత్వ పూచీతో అప్పు పుట్టాలంటే, పక్కనున్న నల్లవాళ్ల వాడకి అడ్డంగా ఏదో ఒకటి ఉండాల్సి వచ్చింది. గోడ కట్టాక అప్పు వచ్చింది. "ఇంకా ఉందా?" అన్నారు నాన్న. ఉంది, దాని మీద ఇప్పుడు రంగు బొమ్మలు వేశారన్నాను. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

దారిలో గ్యాస్ కొట్టించాలి, బంకు ఎడమ చేతి వైపు ఉంది. ఇక్కడ నేరుగా ఎడమకి తిరగనివ్వరు. కూడలి దాటి ముందుకి పోయి, మధ్యలో గడ్డి డివైడర్ దగ్గర యూటర్న్ కొట్టి వెనక్కి రావాలి. మిషిగన్ లెఫ్ట్ అంటారు. 1960ల మొదట్లో ఈ ఎయిట్ మైల్ మీదే, లివర్‌నాయ్ కూడలిలో మొదలుపెట్టారట. మా అబ్బాయి తాతయ్యకి ఇదో వింతలా చూపించబోయాడు గానీ ఆయన చప్పరించేశారు. హైదరాబాద్‌లో సిగ్నళ్లు మూసేసి యూటర్న్‌లు పెట్టాక ఆయనకి ఇవన్నీ అలవాటే.

ఇంటికొచ్చి టీ తాగుతూ నయాగరా ప్లాన్ తీశాం. అమెరికా వచ్చిన తల్లిదండ్రులకి నయాగరా చూపించకపోతే ఊళ్లో పరువుండదు. మ్యాప్ నాలుగు గంటలంది, ఒంటారియో మీదుగా. రెండు అమెరికా ఊళ్ల మధ్య దగ్గర దారి కెనడాలోంచి పోతోంది! నాన్నకి కెనడా వీసా లేదు, మా కాగితాల సంగతి చెప్పనే చెప్పాను. కాబట్టి టొలీడో, క్లీవ్‌లాండ్ మీదుగా ఈరీ సరస్సు చుట్టూ తిరగాలి. ఆరు గంటల పైనే.

టొలీడో పేరు రాగానే మా ఆయన అందుకున్నాడు. "మామయ్య గారూ, ఆ ఊరి కోసం ఒహాయో, మిషిగన్ కొట్టుకున్నాయండీ." నాన్న కుర్చీ ముందుకి లాక్కున్నారు. పాత పటంలో మిషిగన్ సరస్సు దక్షిణపు కొసని ఉన్నచోటు కన్నా ఉత్తరంగా గీశారు, చట్టంలోని సరిహద్దేమో ఆ కొసని పట్టుకుని ఉంది. ఒహాయో తరఫున 1817లో హారిస్ ఒక గీత గీశాడు, మిషిగన్ తరఫున మరుసటేడు ఫుల్టన్ ఇంకో గీత గీశాడు. మధ్యలో 468 చదరపు మైళ్ల నేల ఇద్దరిదీ అయింది. 1835లో రెండు వైపులా దండు కదిలింది. మొత్తం యుద్ధంలో గాయపడింది దాదాపు ఒక్కడే, మిషిగన్ డిప్యూటీ షెరిఫ్. అతన్ని పెన్నుకత్తితో పొడిచినవాడి పేరు టూ స్టిక్నీ. వాళ్ల నాన్న కొడుకులకి వన్, టూ అని పేర్లు పెట్టుకున్నాడు. మా అబ్బాయి నేల మీద పడి నవ్వాడు.

చివరికి టొలీడో ఒహాయోకి పోయింది. మిషిగన్‌కి బదులుగా సరస్సు అవతల అప్పర్ పెనిన్సులా అడవులు ఇచ్చారు. 1837లో రాష్ట్రం అయినప్పుడు ఇక్కడివాళ్లు మోసపోయామనే అనుకున్నారు, పదేళ్లు తిరక్కుండానే అక్కడ రాగీ ఇనుమూ బయటపడ్డాయి. 1957లో మాకినా వంతెన కట్టేదాకా ఇటు నుంచి నేరుగా అక్కడికి పడవలే గతి. ఆ కొసనున్న ఐరన్‌వుడ్‌కి డెట్రాయిట్ నుంచి సుమారు 600 మైళ్లు. దేశ రాజధాని వాషింగ్టన్ అంతకన్నా దగ్గర. రాష్ట్రం ఒకటే అయినా అక్కడ టైమ్ గంట వెనక.

"ఇద్దరు సర్వేయర్లు, ఇద్దరు యజమానులు. అలాంటివి నేను బోలెడు చూశాను" అన్నారు నాన్న తృప్తిగా. అప్పుడు మా అబ్బాయి ట్యాబ్‌లో ఇంకోటి పట్టాడు. మా ఎయిట్ మైల్ బేస్‌లైన్ ఒకటి కాదట, రెండు! తూర్పు సగం, పడమటి సగం విడివిడిగా కొలిచారు. జాక్సన్ ఊరికి ఉత్తరాన, చిత్తడి అడవిలో అవి కలవాల్సిన చోట కలవలేదు. తేడా సుమారు 936 అడుగులు. రెండు చోట్లా రాళ్లు పాతి ఇప్పుడు దాన్ని స్టేట్ పార్కు చేశారు.

నాన్న టీ కప్పు కింద పెట్టారు. "తొమ్మిది వందల ముప్ఫై ఆరా? పద్నాలుగు గొలుసులు! మా దగ్గర రెండు లింకులు తేడా వస్తే తాసీల్దారు పిలిపించి నిలబెట్టేవాడు. ఎంత దూరం అది?"

"గంటంబావు. కానీ అక్కడ చూడ్డానికేం ఉండదు నాన్నా, చెట్లూ దోమలూ తప్ప."

"రాళ్లున్నాయన్నావుగా" అన్నారు. నయాగరా పై నెలకి జరిగింది. వచ్చే శనివారం రాళ్ల దగ్గరికి వెళ్తున్నాం. మా ఆయన యాభై మీటర్ల టేపు ఆర్డర్ పెట్టాడు, రెండు రోజుల్లో వస్తుందట.