కొరీనా సంగతి ఎవరూ అడగరు

పదకొండున్నర దాటింది. వాన ఇప్పుడే తగ్గింది. అందరూ పడుకున్నారు, నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. మా వారు అన్న ఒక్క మాట ముల్లులా గుచ్చుకుంటోంది.

భోజనాలయ్యాక పెద్దవాడికి 'స్టార్ ట్రెక్' సైన్స్ ఫిక్షన్ సీరియల్ 'డీప్ స్పేస్ నైన్'లో 'ది విజిటర్' చూపించాను. 1995 నాటి ఎపిసోడ్. నేను దాన్ని ఎన్నిసార్లు చూశానో మీకు తెలుసు. డిఫయంట్ అనే అంతరిక్ష నౌకలో ప్రమాదం జరిగి కథానాయకుడు సిస్కో కాలం నుంచి జారిపోతాడు. ఏళ్ళకొకసారి కొడుకు జేక్ ఎదుట ప్రత్యక్షమై, నాలుగు మాటలైనా పూర్తికాకముందే మాయమవుతాడు. తండ్రి వయసు అక్కడే ఆగిపోతుంది, కొడుకు తల నెరుస్తుంది. వానరాత్రి తలుపు తట్టిన మెలనీ అనే అమ్మాయికి ముసలి జేక్ ఈ కథంతా చెబుతుంటే, ఆ ముసలి జేక్‌గా నటించిన టోనీ టాడ్ గొంతు విని పెద్దవాడు చేతిలోని ఫోను పక్కన పెట్టేశాడు. అంతకన్నా నాకేం కావాలి!

అయిపోయాక మా వారు కళ్ళు తుడుచుకుంటూ, "అంతా బాగుంది గానీ, కష్టంలో ఉన్న మనిషిని ఆ భార్య వదిలేసి వెళ్ళిపోవడమే నచ్చలేదు" అన్నారు.

జేక్ భార్య కొరీనా వదిలేసిందా? ముప్ఫై ఏడేళ్ళ వయసులో జేక్ రచన మానేసి, తండ్రిని వెనక్కి తేవడానికి సబ్‌స్పేస్ శాస్త్రం మొదటినుంచీ నేర్చుకోవడం మొదలుపెడతాడు. పగలూ రాత్రీ అదే ధ్యాస. ఆమె చిత్రకారిణి, తనకూ ఒక పని ఉంది, ఒక జీవితం ఉంది. ఆమె వెళ్ళిపోవడం రెండు మాటల్లో తేలిపోతుంది. చివర్లో జేక్, తండ్రి పక్కన ఉన్న క్షణంలోనే తన ప్రాణం పోయేలా చూసుకుంటాడు. అప్పుడు సిస్కో మళ్ళీ ప్రమాదం జరిగిన క్షణానికి చేరి బతుకుతాడు. ఆ మధ్య గడిచిన దశాబ్దాలన్నీ జరగనట్టే. కొరీనాతో పెళ్ళి కూడా జరగనట్టే. ఆ బతుకును తుడిచేసే ముందు ఆమెను ఎవరైనా అడిగారా? అందరూ తండ్రి, కొడుకు అంటూ కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఇన్నేళ్ళుగా నాకు ఇదే కోపం.

ఈ కోపం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

1987లో దీపావళికి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నానని బాబాయి రాజమండ్రి నుంచి ఉత్తరం రాశాడు. రాలేదు. ఆ రోజే కాదు, మళ్ళీ ఎప్పుడూ రాలేదు. అప్పుడు మేము లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ప్రతి ఆదివారం చీకటితోనే నాన్న సైకిలు మీద సికింద్రాబాద్ స్టేషనుకు వెళ్ళేవారు. బండి వచ్చి, జనమంతా దిగి, పెట్టెలు ఖాళీ అయ్యేదాకా నిలబడేవారు. ఎండెక్కాక ఇంటికొచ్చి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. వారానికి ఉన్న ఒక్క సెలవు అలా పోయేది. అమ్మ నాలుగింటికే లేచి కాఫీ కాచి, ఎర్ర ఫ్లాస్కులో పోసి, సంచిలో పెట్టి ఇచ్చేది. పదకొండేళ్ళు! ఒక్క ఆదివారమైనా అమ్మను పబ్లిక్ గార్డెన్స్‌కో, గోల్కొండకో తీసుకెళ్ళారా? అమ్మ కొరీనాలా వెళ్ళిపోలేదు, అంతే తేడా అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

మా వారికి రేపు రుజువు చూపించాలని ఇందాక మళ్ళీ లాప్‌టాప్ తెరిచాను. నడివయసు జేక్ తన స్నేహితుడు నాగ్ సాయంతో పాత నౌకను తీసుకెళ్ళి తండ్రిని అందుకునే ఘట్టం దగ్గర ఆపాను. ఆ కాస్త వ్యవధిలోనే సిస్కో కొడుకు సంసారం గురించి, రచనల గురించి అడుగుతాడు. రెండూ పోయాయని తెలిసి, నన్ను వదిలెయ్యి, నీ బతుకు నువ్వు బతుకు అంటాడు. అంటే ఆమెను తలచుకున్నవాడు ఒకడున్నాడు. పోయినవాడే అడిగాడు. ఇన్నిసార్లు చూసి కూడా దీన్ని ఎలా వదిలేశానో! నా కోపం సిస్కో మీద కాదని తెలుసు గానీ, మరి ఎవరి మీద? జేక్ మీదా? ముసలి జేక్ మళ్ళీ కలం పట్టి రాసిన చివరి కథల పుస్తకం అంకితం చేసింది, ఇంటికి తిరిగొస్తున్న ఆ తండ్రికే. ఆ వాక్యం దగ్గర నేనెప్పుడూ జేక్ పక్షమే.

అమ్మ గదిలో దీపం వెలుగుతుంటే వెళ్ళాను. మందు వేసుకుని కూర్చుంది. కథ చెప్పలేదు. "ఆ ఆదివారాల్లో నీకు నాన్న మీద కోపం రాలేదా అమ్మా?" అని మాత్రం అడిగాను.

"ఎందుకు వస్తుంది? పెళ్ళయి వచ్చేసరికి వాడికి తొమ్మిదేళ్ళు. నా చేతి అన్నం తిని పెరిగాడు. ఆ ఫ్లాస్కులో ఇద్దరికి సరిపడా పోసేదాన్ని" అంది.

అటువైపు తిరిగి పడుకుంది. దీపం ఆర్పి వచ్చేశాను.

మా ఇంట్లో పిల్లలకు కాఫీ ఇచ్చేవారు కాదు. ఆదివారం పొద్దున మాత్రం తమ్ముడికీ నాకూ చెరో సగం గ్లాసు దొరికేది, చల్లారిపోయిన కాఫీ. నాన్న వచ్చిన తర్వాతే.