అరవై కార్డుల్లో ఒక్కటి

"అమ్మా, నువ్వు చెప్పినవన్నీ పెడితే డెక్‌లో అన్నీ ఉంటాయి. అవసరమైనప్పుడు మాత్రం ఏదీ చేతికి రాదు" అన్నాడు మా పన్నెండేళ్ల అబ్బాయి.

సెలవులకు నల్గొండ వచ్చాం. అమ్మావాళ్ల ఇంట్లో చాప మీద పోకెమాన్ కార్డులు పరుచుకుని, తిరిగి వెళ్లాక ఆడబోయే పోటీకి డెక్, అంటే ఆటలో వాడే కార్డుల కట్ట, కూర్చుకుంటున్నాడు. వాడికి వేగం కావాలి. తన రెండో వంతుకల్లా గట్టి దెబ్బ కొట్టాలి. నాకేమో భయం. ఎదుటివాళ్లు ఆ ఒక్క దారినీ మూసేస్తే ఏం చేస్తాడు? దీనికొకటి, దానికొకటి అంటూ పది కార్డులు మార్పించాను.

వాడు కాగితం మీద లెక్క వేసి చూపించాడు. డెక్‌లో 60 కార్డులు. ఆట మొదట్లో చేతికి వచ్చేవి 7. ప్రాథమిక ఎనర్జీ కార్డులు తప్ప, ఒకే పేరున్నవి నాలుగుకు మించి పెట్టకూడదు. నాలుగూ పెడితే ఆ ఏడింటిలో ఒకటైనా ఉండే అవకాశం దాదాపు 40 శాతం. ఒక్కటే పెడితే 12 శాతం కూడా లేదు. పైగా మరో 6 కార్డులను ప్రైజ్ కార్డులుగా బోర్లించి పక్కన పెట్టాలి. ఉన్న ఒక్కటీ వాటిలోకి పోతే ఇక దానికోసం ఎదురుచూడటమే.

ఆ కాగితం చూస్తుంటే రెండు రోజుల క్రితం సంగతి కళ్ల ముందు మెదిలింది. జూన్ ఎండలో పెరట్లోంచి వచ్చిన అమ్మ, "కళ్లు తిరుగుతున్నాయిరా" అంది. వీడు దగ్గరకు వెళ్లి ఆమె కళ్లలోకి చూసి, "తిరగడం లేదు అమ్మమ్మా" అన్నాడు. ఆమె గడప పట్టుకుని కూలబడ్డాక గానీ నన్ను పిలవలేదు. వాడికి కళ్లు తెలుసు, తిరగడమూ తెలుసు. ఆ రెండూ కలిస్తే పుట్టే అర్థం తెలియదు. చెప్పాల్సినదాన్ని నేనే.

మేముండే ఊళ్లో వాడికి శనివారం ఒక గంట తెలుగు. ఒక గంట మృదంగం, ఒక గంట ఈత, ఇంకో గంట చదరంగం. ఏదీ వదలకూడదన్న పంతంతో అన్నీ ఒక్కొక్కటి పెట్టాను. ఇంట్లో మాత్రం తొందరలో, కోపంలో, అలసటలో నా నోటికి వచ్చేది ఇంగ్లీషే.

అలాగని ఒక్కదాన్నే పట్టుకోమని చెప్పే ధైర్యమూ లేదు. మా నాన్న దేవరకొండ వైపు చెలకలో పత్తి వేసినా మధ్యలో కంది సాళ్లు మానేవారు కాదు. వాన ముఖం చాటేసిన ఏడు ఇంటికి చేరింది ఆ కందులే. నా భయం అక్కడిది. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, నాన్న వేసింది సాళ్లకు సాళ్లు. పది రకాలు తలా ఒక మొక్క నాటలేదు.

చివరికి వాడు నా ఒంటరి కార్డుల్లో చాలావాటిని తీసేసి అల్ట్రా బాల్‌లు నాలుగు పెట్టాడు. అది డెక్‌లోంచి కావలసిన పోకెమాన్‌ను వెదికి తెస్తుంది. కాకపోతే దాన్ని వాడాలంటే చేతిలోని మరో రెండు కార్డులు పారేయాలి.

"ఏవి పారేస్తావు?"

"అప్పటికి అక్కర్లేనివి."

అడగకుండా ఉండలేకపోయాను. "నీ తరగతుల్లో అయితే?"

"శనివారం తెలుగు" అన్నాడు, క్షణం కూడా ఆలోచించకుండా.

కోప్పడ్డాను. ఆ కోపం కూడా ఇంగ్లీషులోనే వచ్చింది. వాడు మారుమాట లేకుండా కార్డులు సర్దుకున్నాడు.

ఆ రాత్రి డాబా మీద దీపాలు ఆర్పాక, "అమ్మమ్మా, తల తిరిగినా అదేనా?" అని వాడు అడగడం వినిపించింది. అమ్మ చెబుతూ పోయింది, వాడు మళ్లీ మళ్లీ అడుగుతూ పోయాడు. నేను కదలకుండా పడుకున్నాను. తెలుగు తరగతి ఫీజు కట్టడానికి ఇంకా వారం గడువుంది.