మాంసపు ఈగలకి పేర్లు తేల్చడం: నా అనుభవం

పోయిన వారం మా గైడ్ గారు ఫోన్ చేసి, "ఈగల చాప్టర్ బాగుందమ్మా, ఇంక టైపింగ్‌కి ఇచ్చేసుకో" అన్నారు. ఇదే దారిలో వచ్చే పిల్లలకి పనికొస్తుందని, ఈగల పేర్ల కోసం తిరిగినచోట పడ్డ అవమానం మీద కోపం చల్లారకముందే అంతా రాసేస్తున్నాను.

నా పీహెచ్‌డీ కోనసీమ తీరంలో చేపలు ఎండబెట్టే చోట్ల వాలే ఈగల మీద. అంతర్వేది నుంచి భైరవపాలెం దాకా ఒడ్డున ఉన్న ఊళ్ళలో నెత్తళ్ళు, సావళ్ళు, రొయ్యలు ఇసకలోనో పాత వలల మీదో పరిచి ఎండబెడతారు. ముసురు పడితే సరుకు పురుగు పట్టేస్తుంది. ఆ నష్టమంతా గంప మోసే ఆడవాళ్ళదే. పురుగు ఏ ఈగదో తెలియకుండా మందు చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట.

ఈగల్ని పట్టడం సులువు. వల, ఇథైల్ అసిటేట్ వేసిన సీసా ఉంటే చాలు. "ఏటమ్మా, ఈగలకి కూడా సదువుంటదా?" అని అడిగిన అత్తగారే మర్నాటి నుంచి "ఇటు రా, ఈ గంప మీద బోల్డున్నాయి" అని పిలిచేది.

నీలిపచ్చ ఈగలూ సులువే. క్రైసోమియా మెగాసెఫాలా మగదానికి కంటి పైభాగంలో గళ్ళు పెద్దవి, కింద చిన్నవి, మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. రొమ్ము ముందువైపు శ్వాసరంధ్రం ముదురు గోధుమ రంగులో ఉంటే మెగాసెఫాలా, తెల్లగా ఉంటే దాని దగ్గరి చుట్టం క్రైసోమియా రూఫిఫేసీస్. ఈ రెండింటి దగ్గర నాకు ఇబ్బందే రాలేదు.

అసలు కష్టం మాంసపు ఈగలతో, అంటే సార్కోఫాగా ప్రజాతితో (దగ్గరి చుట్టాలైన జాతులన్నిటినీ కలిపిన గుంపుని ప్రజాతి అంటాం). ఇవి గుడ్లు పెట్టవు, బతికున్న పురుగుల్నే నేరుగా చేప మీద వదులుతాయి. చూడ్డానికి అన్నీ ఒకటే. బూడిద రంగు, రొమ్ము మీద మూడు నల్ల చారలు, పొట్ట మీద చదరంగపు గళ్ళు, ఎర్ర కళ్ళు. రెక్కల ఈనెలు చూసినా, వెంట్రుకలు లెక్కపెట్టినా కొంతదూరమే వెళ్తాం. జాతి తేల్చేది మగ ఈగ జననాంగాలే. చాలావరకు ఆడ ఈగని పైపైన చూసి పేరు చెప్పడం కుదరదు.

థీసిస్‌కి, ఈగలు ఏ జాతివో నిపుణులు రాసిచ్చే గుర్తింపు పత్రం కావాలన్నారు. ఈగల పెట్టె ఒక ప్రభుత్వ కార్యాలయానికి పంపాను. పేరు రాయను. నెలల తరబడి ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి నంబర్ ఇస్తారు, ఆ ఇంకొకరు సెలవులో ఉంటారు. చివరికి పెట్టె తిరిగొచ్చింది. మూత తీస్తే సగం ఈగలకి తలల్లేవు, కాళ్ళు అడుగున పొడిలా పడున్నాయి. లోపల చిన్న చీటీ: "సార్కోఫాగా ఎస్‌పీ." అంటే సార్కోఫాగాలో ఏదో ఒక జాతి అని. అంతే. ప్రజాతి పేరు నేను పంపిన కవరు మీద నేనే రాశాను కదా! అదే మాటకి సంతకం పెట్టి నాకే పంపారు.

మిగిలిన ఈగలు పట్టుకుని నేనే వెళ్ళాను. పొద్దున్నే వెళ్తే మధ్యాహ్నం భోజనాల తర్వాత లోపలికి పిలిచారు. ఆ అధికారి పెట్టె తెరిచి, ఒక్కటంటే ఒక్కటి కూడా భూతద్దం కింద పెట్టకుండా, "తోక బయటికి తీయకుండా తెచ్చేస్తే మేమేం చూడాలమ్మా? ఎక్కడ చదివావు ఎమ్మెస్సీ? ఈ మాత్రం చెప్పేవాళ్ళు లేరా మీ కాలేజీలో?" అన్నారు. గదిలో ఇంకో నలుగురున్నారు. అందులో ఇద్దరు నాకంటే చిన్నపిల్లలు, ప్రాజెక్టులో పనిచేసేవాళ్ళు. వాళ్ళ ముందు అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. పదేళ్ళుగా డిగ్రీ పిల్లలకి పాఠం చెబుతున్నదాన్ని, నోట్లోంచి మాట రాలేదు.

ఆయన చెప్పిన విషయం నిజమే. మగ ఈగ జననాంగాలు బయటికి లాగి ఆరబెట్టకపోతే పక్కనుంచి ఏమీ కనపడదు. కానీ ఆ ఒక్క వాక్యం వాళ్ళ దరఖాస్తు ఫారంలో ఎక్కడుంది? ఫీజు ఎంతో ఉంది, డీడీ ఎవరి పేరున తియ్యాలో ఉంది, పెట్టె కొలతలున్నాయి. "మగవాటిని ఇలా సిద్ధం చేసి పంపండి" అని రాయడానికి మాత్రం చోటు దొరకలేదు. అడక్కపోతే చెప్పరు, అడిగితే అవమానిస్తారు. జీతం తీసుకుని చదువు దాచుకునేవాళ్ళని నేను ఎన్నటికీ పెద్దవాళ్ళుగా లెక్కపెట్టను.

వరండాలో నన్ను పిలిచి కూర్చోబెట్టింది అక్కడి ల్యాబ్ అసిస్టెంటు, రిటైర్‌మెంటుకి దగ్గర్లో ఉన్న పెద్దాయన. "ఏడవకమ్మా, ఇలా రా" అని తన బల్ల దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రోజు పొద్దున పట్టిన ఈగ ఒకటి తీసి, రొమ్ముకి కుడిపక్కగా సూది గుచ్చారు. ఎడమపక్క వెంట్రుకలు చెక్కుచెదరకూడదట. సన్నటి సూది మొనని పటకారుతో కొంచెం వంచి కొక్కెంలా చేశారు. మగ ఈగ పొట్ట చివర, కిందికి ముడుచుకుని నున్నగా మెరిసే గుండ్రటి భాగం ఉంటుంది. దాని కింద కొక్కెం తగిలించి, వెనక్కీ పైకీ మెల్లగా లాగారు. లోపలున్నదంతా విచ్చుకుంది. జారిపోకుండా ఇంకో సూది ఆనించి, "ఆరేదాకా కదపకు. చచ్చిన గంటలోపు చేసెయ్యి, బిగుసుకున్నాక మాట వినదు" అన్నారు. పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. నా థీసిస్‌లో మొదటి నమస్కారం ఆయనకే.

ఎండిపోయిన పాతవాటికి దారి వేరు. తడి ఇసక వేసిన డబ్బాలో, బూజు పట్టకుండా రెండు చుక్కల ఫినాల్ వేసి, మూతపెట్టి ఉంచితే మెత్తబడతాయి. అప్పటికీ లొంగకపోతే పొట్ట చివర కత్తిరించి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచాలి. కండ కరిగిపోయి గట్టి భాగాలు మిగులుతాయి. తర్వాత ఎసిటిక్ ఆసిడ్, నీళ్ళు, ఆపైన గ్లిజరిన్. చూసిన భాగాన్ని గ్లిజరిన్ ఉన్న చిన్న గొట్టంలో వేసి అదే ఈగ సూదికే గుచ్చాలి. విడిగా పెట్టారో, ఏది ఏ ఈగదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు.

బొమ్మ గీయడం దగ్గర మళ్ళీ బుర్ర తిరిగింది. ఈ మగ ఈగలకి ప్యూపా దశలో, అంటే పురుగు ఈగగా మారే దశలో, పొట్ట చివరి జననాంగ భాగం మొత్తం 360 డిగ్రీలు తిరుగుతుంది. తిరిగి ఉన్నచోటికే వస్తుంది కాబట్టి బయటికి ఏమీ తెలియదు. లోపల వీర్యనాళం పేగుని చుట్టుకుని ఉండటమే గుర్తు. దానికి తోడు, జననాంగానికి పక్కనుండే కొక్కేల్లాంటి ముక్కల్ని, పాత వ్యాసాల్లో పారామియర్లు అన్నవాటినే, కొత్తవాటిలో ప్రీగోనైట్, పోస్ట్‌గోనైట్ అంటారు. గోడకి ఒక పట్టిక అంటించుకుని, ఫాలస్ (అంటే మగ అంగం) చివరనుండే జక్స్టా, పక్కనుండే వెసికా, పొట్ట కొసనుండే సెర్కస్ వంపు, అయిదో ఉదరఫలకం చీలిక, అన్నీ రోజూ గీశాను. ఇప్పుడు పక్కనుంచి ఫాలస్ కనిపిస్తే సార్కోఫాగాలోని డక్స్, అల్బిసెప్స్ అనే రెండు జాతుల్నీ పుస్తకం తెరవకుండా విడదీస్తాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నా.

పేర్ల విషయంలో ఒక జాగ్రత్త. మన దేశపు పాత వ్యాసాల్లో పారాసార్కోఫాగా విడి ప్రజాతి. 1996లో వచ్చిన, ఈగల శాస్త్రవేత్త పాపె రాసిన ప్రపంచ మాంసపు ఈగల జాబితాలో అది సార్కోఫాగాలో ఉపప్రజాతి. అల్బిసెప్స్ మైగెన్ 1826, డక్స్ థామ్సన్ 1869 (పేరు పెట్టినవాళ్ళూ, పెట్టిన ఏడూ), ఏ పద్ధతిలోనైనా అవే జాతులు. ఏది పాటిస్తున్నారో మొదటి పేజీలోనే రాసెయ్యండి.

"డీఎన్‌ఏ బార్‌కోడ్ చేయిస్తే పోయేదిగా" అన్నవాళ్ళు చాలామంది. అంటే ఈగ డీఎన్‌ఏలో ఒక ముక్క వరసని, పేర్లున్న డేటాబేస్‌తో పోల్చి జాతి చెప్పడం. చేయించండి, మంచిదే. కానీ ఆ డేటాబేస్‌లో ఉన్న పేరు ఎవరో ఒకరు మగ ఈగని ఇలా విప్పి చూసి పెట్టిందే. ఆ మనిషి పొరబడితే ఆ డీఎన్‌ఏ వరసకి తప్పుడు పేరే అంటుకుని ఉంటుంది. చూసే కళ్ళు కరువైతే యంత్రం ఏం చేస్తుంది?

మన తేమకి పెట్టెలో నాఫ్తలీన్ చాలదు, సిలికా జెల్ కూడా వేసి, రంగు మారినప్పుడల్లా వేడిచెయ్యండి. ఆడ ఈగలన్నీ తేదీ, ఊరు రాసి పక్కన దాచాను, పారెయ్యలేదు. మగవి మా కాలేజీ మ్యూజియం బీరువాలో ఉన్నాయి. తీరంలో ఈ పని చేసే పిల్లలెవరైనా ఈగలు తెచ్చుకుంటే పక్కన పెట్టి పోల్చుకోవచ్చు. జననాంగం బయటికి లాగడం నేను నేర్పుతాను, ఫీజూ అక్కర్లేదు, డీడీ అక్కర్లేదు.