పిల్లలకు ర్యాంకు ఇవ్వని పరీక్షలు

మన దగ్గర పరీక్ష అంటే ర్యాంకు. ఏప్రిల్, మే నెలల్లో పేపర్ తిరగేస్తే చాలు, పేజీ నిండా పాస్‌పోర్ట్ ఫొటోలు, ఒక్కో ఫొటో కింద మార్కులు. అవి చూస్తే ఎవరికి ఎంత వచ్చిందో తెలుస్తుంది. కానీ మన రాష్ట్రంలో పదిహేనేళ్ల పిల్లలకి మొత్తం మీద ఏం వచ్చు, ఏం రాదు అనేది మాత్రం ఆ పేజీల్లో ఎక్కడా దొరకదు. పాస్ శాతం 90 దాటిందని చెప్పినా దొరకదు, ఎందుకంటే ప్రశ్నపత్రం ఏటా మారుతుంది, దిద్దే తీరు మారుతుంది, కాబట్టి పోయినేడాది పిల్లలతో ఈ ఏడాది పిల్లల్ని పోల్చడానికి గట్టి ఆధారమేమీ ఉండదు.

అసలు పిల్లలకి ఏం వచ్చు అన్న ఆ ప్రశ్న కోసమే ప్రపంచంలో కొన్ని సంస్థలు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. పేపర్లలో వీటి పేర్లు ఎప్పుడైనా కనిపించినా "ఫలానా దేశం ఫస్ట్, ఫలానా దేశం లాస్ట్" అన్న ఒక్క వార్తగా వచ్చి పోతాయి. టీచర్‌గా నాకు వాటిలో అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది ఆ వరసే.

వీటిలో పాతది ఐఈఏ అనే అంతర్జాతీయ సంస్థ. 1958లో హాంబర్గ్‌లోని యునెస్కో విద్యా సంస్థలో కొందరు పరిశోధకులు కలిసి మొదలుపెట్టారు, 1964లో 12 దేశాల్లో లెక్కల పరీక్ష పెట్టారు. 1970 ప్రాంతంలో వాళ్లు చేసిన సైన్స్, పఠనం సర్వేల్లో మన హిందీ రాష్ట్రాల పిల్లలు కూడా ఉన్నారు. ఇప్పుడు నాలుగేళ్లకోసారి నాలుగు, ఎనిమిది తరగతులకి లెక్కలు, సైన్స్‌లో పెట్టే టిమ్స్ (1995 నుంచి), అయిదేళ్లకోసారి నాలుగో తరగతికి చదవడంలో పెట్టే పిర్ల్స్ (2001 నుంచి) ఈ సంస్థవే.

పీసా అనే పరీక్ష సంగతి వేరు. దీన్ని ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాల కూటమి) 2000లో మొదలుపెట్టింది. ఏ తరగతిలో ఉన్నా సరే, బడికి వెళ్తున్న పదిహేనేళ్ల పిల్లలకి పెడతారు. సిలబస్ ఎంత పూర్తయింది అన్నది కాకుండా, నేర్చుకున్నదాన్ని ఎప్పుడూ చూడని చోట వాడగలరా అన్నది చూస్తారు. వాళ్లు బయటపెట్టిన పాత ప్రశ్నల్లో నాకు బాగా నచ్చినది ఒకటి చెప్తాను. రెండు గుండ్రటి పిజ్జాలు, మందం ఒకటే. చిన్నదాని వ్యాసం 30 సెంటీమీటర్లు, ధర 30 జెడ్‌లు. పెద్దదాని వ్యాసం 40 సెంటీమీటర్లు, ధర 40 జెడ్‌లు. ఏది కొంటే డబ్బుకి ఎక్కువ గిట్టుబాటు, ఎందుకు? (జెడ్ అనేది ఏ దేశంలోనూ లేని డబ్బు, పరీక్ష కోసం పెట్టింది.) పై ఆర్ స్క్వేర్ అని నిద్రలో లేపి అడిగినా చెప్పే పిల్లలు నా క్లాసులో చాలామందే ఉన్నారు. ఈ లెక్క ఇస్తే వాళ్లలో ఎక్కువమంది "రెండూ సమానమే కదా మేడం" అంటారు, ఎందుకంటే ప్రశ్నలో వైశాల్యం అన్న మాటే లేదు, అది వాడాలని వాళ్లకే తోచాలి (వాడితే పెద్దదే గిట్టుబాటని తేలుతుంది). పిజ్జా తీసేసి దోసె అని మార్చి ఇచ్చినా ఆ జవాబే వస్తుంది.

ఈ పరీక్ష నడిచే తీరు మనవాళ్లకి కొత్తగా ఉంటుంది. దేశమంతటికీ పెట్టరు, కనీసం 150 బడుల్ని లాటరీ పద్ధతిలో ఎంచుకుని, అక్కడి పిల్లల్లో మళ్లీ కొందరిని ఎంచుకుంటారు. రెండు గంటలు రాస్తారు, అందరికీ ఒకే ప్రశ్నలు రావు, ప్రశ్నల మూట పెద్దది కాబట్టి ఒక్కొక్కరికి అందులో కొంత ముక్కే ఇస్తారు, చివర్లో అన్నీ కలిపి లెక్కగడతారు. రాసిన పిల్లవాడికి మార్కులు రావు, బడికి పేరూ రాదు, చెడ్డపేరూ రాదు. అంటే కోచింగ్ ఇప్పించి లాభం లేదు, కాపీ కొట్టించి లాభం లేదు, పిల్లలకి టెన్షన్ లేదు. నిజం బయటికి రావాలంటే పరీక్ష ఇలాగే ఉండాలని నేను నమ్ముతాను.

ఆ నిజం వచ్చాక ఏం చేస్తారన్నది అసలు విషయం. 2001 డిసెంబర్‌లో మొదటి పీసా ఫలితాలు వచ్చినప్పుడు జర్మనీ చదవడంలో సగటు కన్నా కిందకి పడిపోయింది. మాకు మించిన చదువు లేదనుకున్న దేశం అది. దాన్ని వాళ్లు ఇప్పటికీ "పీసా షాక్" అంటారు. సగటు కన్నా వాళ్లని ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి ఉంది: తల్లిదండ్రుల స్థాయిని బట్టి పిల్లల మార్కులు ఇంతగా మారిపోయే దేశాల్లో జర్మనీ ముందుందని తేలింది. పరీక్షని తిట్టినవాళ్లు అక్కడా ఉన్నారు, కానీ రాష్ట్రాలన్నీ కలిసి ఉమ్మడి ప్రమాణాలు రాసుకున్నాయి, పూట బడుల్ని రోజంతా బడులుగా మార్చడం మొదలుపెట్టాయి, వలస వచ్చిన కుటుంబాల పిల్లలకి చిన్నప్పుడే జర్మన్ నేర్పించడం మీద ఖర్చు పెట్టాయి. తర్వాతి పదేళ్లలో మార్కులు పెరిగాయి. 2022లో మళ్లీ బాగా పడ్డాయి, అంటే ఒకసారి బాగుచేసి వదిలేసే పని కాదిది.

మనం ఏం చేశాం? 2009 విడతకి కొనసాగింపుగా తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పీసా రాశాయి. మన దేశంలో చదువు బాగుంటుందని పేరున్న రాష్ట్రాలే రెండూ. 2011 చివర్లో ఫలితాలు వచ్చాయి. కనీస స్థాయిలో చదివి అర్థం చేసుకోగలిగినవాళ్లు ఓఈసీడీ దేశాల్లో సగటున 81 శాతం ఉంటే, తమిళనాడులో 17, హిమాచల్‌లో 11. పట్టికలో చివరన కిర్గిజ్‌స్తాన్ పక్కన నిలబడ్డాం. ప్రశ్నలు మన సంస్కృతికి సరిపోవని చెప్పి ప్రభుత్వం బయటికి వచ్చేసింది. 2019లో కేంద్రీయ విద్యాలయాలు, నవోదయలు, చండీగఢ్ బడులతో తర్వాతి విడత రాయిస్తామని ఒప్పందం చేసుకున్నారు, ఈలోగా కోవిడ్ వచ్చింది, 2021 పరీక్ష 2022కి జరిగింది, అందులో మనం లేం. ఆ 17, 11 అంకెలు చూసినప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది, కానీ వాటి కన్నా పదేళ్లు దాటి ఏ అంకే లేకుండా ఉండటం ఎక్కువ బాధ.

సంస్కృతి అభ్యంతరాన్ని పూర్తిగా కొట్టేయను, అనువాదంలో ప్రశ్న కష్టం మారిపోవచ్చు. అయితే పీసాలో అంతకన్నా పెద్ద లోటు ఇంకోటి ఉంది: బడిలో లేని పిల్లలు లెక్కలోకి రారు. వియత్నాం 2012లో మొదటిసారి రాసి లెక్కల్లో అమెరికాని దాటేసింది, అందరూ ఆశ్చర్యపోయారు, కానీ అప్పటికి అక్కడ పదిహేనేళ్ల పిల్లల్లో చాలామంది బడి మానేసి ఉన్నారు. మన దగ్గరైతే బడి మానేసి పత్తి చేలల్లోనో ఇటుక బట్టీల్లోనో ఉన్న పిల్ల ఆ లెక్కలో కనిపించదు.

అందుకే నాకు అసర్ అనే సర్వే అంటే గౌరవం. ప్రథమ్ అనే సంస్థ 2005లో మొదలుపెట్టింది. వీళ్లు బడికి కాదు, ఇంటికి వెళ్తారు. జిల్లాకి 30 ఊళ్లు, ఊరికి 20 ఇళ్లు, ఆ ఇంట్లో 5 నుంచి 16 ఏళ్ల పిల్లలు ఎవరున్నా, ఏ బడికి వెళ్తున్నా, అసలు వెళ్లకపోయినా పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తారు. ఈ పద్ధతినే తర్వాత కెన్యా, టాంజానియా, ఉగాండా దేశాలు తీసుకుని ఉవేజో పేరుతో నడిపాయి. మన దగ్గర కనిపెట్టి ప్రపంచానికి ఇచ్చినది ఇది, మనవాళ్లకే సరిగ్గా తెలియదు.

డైట్‌లో టీచర్ ట్రైనింగ్ చేసేటప్పుడు నేనూ ఈ సర్వేకి వెళ్లాను. ఒక ఇంట్లో అయిదో తరగతి పాప, వాళ్లమ్మ "మా పాప బాగా చదువుద్దమ్మా, పుస్తకం మొత్తం అప్పజెప్తుంది" అంది. నిజంగానే అప్పజెప్పింది, ఒక్క తప్పు లేకుండా. తర్వాత అసర్ కాగితం మీద నాలుగు వాక్యాల పేరా ఇచ్చాను. రెండో మాట దగ్గర ఆగిపోయింది. ఎప్పుడూ చూడని నాలుగు వాక్యాలు అవి. మేం సాయం చేయకూడదు, మందలించకూడదు, చూసి రాసుకోవాలి అంతే. వాళ్లమ్మ నా వైపు చూసి "మరి ఇన్నాళ్లూ ఏం చదివిందమ్మా?" అని అడిగింది. ఆ అడగడం బడిలో జరిగే ఏ పరీక్షలోనూ జరగదు, ఎందుకంటే అక్కడ తల్లి ఉండదు.

అసర్ 2024 ప్రకారం దేశంలో పల్లెటూళ్లలో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు దాదాపు 49 శాతం. 2022లో 42.8. కోవిడ్ తర్వాత కోలుకున్నామన్నమాట నిజమే, ఇంకా సగం మంది మిగిలి ఉన్నారన్నదీ నిజమే.

మన ప్రభుత్వ సర్వే కూడా ఉంది, ఎన్‌సీఈఆర్‌టీ చేసే నాస్, ఇప్పుడు పరఖ్ పేరుతో జరుగుతోంది. అది జిల్లాల వారీగా వివరాలిస్తుంది కాబట్టి కావాల్సిందే, కానీ సొంత బడిలో సొంతవాళ్ల మధ్య పరీక్ష జరిగితే మార్కులు పెరిగిపోతాయన్న భయం ఎప్పుడూ ఉంటుంది. ఆంధ్రలోనే దీని మీద పరిశోధన జరిగింది: కాగితం బదులు ట్యాబ్ మీద పరీక్ష పెడితే కాపీ బాగా తగ్గింది.

చాలామందికి తెలియని ఇంకో సంగతి. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఇథియోపియా, పెరు, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లల్ని ఏళ్ల తరబడి వెంట నడిచి చూసింది. శ్రీకాకుళం పిల్లలున్నారు, మహబూబ్‌నగర్ పిల్లలున్నారు, హైదరాబాద్ వాళ్లూ ఉన్నారు. ఆ వివరాలతో చేసిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, బడిలో చేరకముందు వియత్నాం పిల్లలకీ మన పిల్లలకీ తేడా కొంతే, బడిలో చేరాక అది పెరుగుతూ పోయింది. వాళ్ల బడిలో ఒక ఏడాది చదువు మన బడిలో ఒక ఏడాది చదువు కన్నా ఎక్కువ నేర్పుతోంది. పిల్లల్లో లోపం లేదు, పేదరికం ఒక్కటే కారణం కాదు. టీచర్‌గా ఈ మాట మింగుడుపడటం కష్టమే, అయినా ఇంతకన్నా ఆశ కలిగించే మాట నాకు దొరకలేదు, ఎందుకంటే బడిని మార్చడం మన చేతుల్లో ఉంది.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో మూడు నుంచి అయిదో తరగతి పిల్లలుంటే అసర్ తెలుగు కాగితం వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, తీసి చూడండి. ముందు పేరా ఇవ్వండి. తేలిగ్గా చదివితే కథ ఇవ్వండి. పేరా దగ్గర తడబడితే పదాలకి రండి, అయిదు పదాల్లో నాలుగు వస్తే పదాల స్థాయి అని రాసుకోండి, అదీ రాకపోతే అక్షరాలు. పక్కన కూర్చోండి, ఎదురుగా వద్దు. తప్పు చదివితే సరిచేయకండి, ఆ రోజుకి వినండి అంతే.