మందు వెయ్యని వెల్స్ కూడా వెలిగాయి

పీహెచ్‌డీలో నా మూడో చాప్టర్ అంతా ఒక తెల్ల ప్లాస్టిక్ ప్లేట్ చుట్టూనే తిరిగింది. అరచేతి కంటే కాస్త పెద్దది, అందులో 96 చిన్న గుంటలు. మేం వాటిని వెల్స్ అంటాం. అల్జీమర్స్‌కి పనికొచ్చే కాంపౌండ్ ఏదైనా ఆ వెల్స్‌లో దొరుకుతుందేమో వెతకడం నా పని.

నేను న్యూక్లియర్ రిసెప్టర్ల మీద పని చేస్తున్నానంటే ఇంట్లో వాళ్లు మొదట అడిగింది "రేడియేషన్ ఏమీ తగలదు కదా?" అని. ఆ న్యూక్లియర్ వేరు. ఇవి కణంలో ఉండే ప్రొటీన్లు, కణకేంద్రకంలో డీఎన్‌ఏ మీద కూర్చుని పని చేస్తాయి కాబట్టి ఆ పేరు. మనిషిలో 48 రకాలున్నాయి. చాలావాటికి ఒక చిన్న గూడు ఉంటుంది. అందులోకి హార్మోనో, విటమినో, కొవ్వు అణువో వచ్చి చేరితే ప్రొటీన్ ఆకారం మారి, దాని కింద ఉన్న జన్యువు పని మొదలుపెడుతుంది. థైరాయిడ్ హార్మోన్, ఈస్ట్రోజెన్, విటమిన్ డి పనిచేసేది ఈ దారిలోనే. కొవ్వులో కరిగే చిన్న అణువుకి సరిపోయే గూడు తయారుగా ఉంది కాబట్టి మందులు చేసేవాళ్లకి ఇవంటే మోజు.

అల్జీమర్స్‌తో వీటికి సంబంధం కొలెస్ట్రాల్ వైపు నుంచి వస్తుంది. మెదడులో కొలెస్ట్రాల్‌ని మోసేది అపోఈ అనే ప్రొటీన్. దాని మీద కొవ్వు బాగా ఎక్కితే, ఈ జబ్బులో మెదడులో పేరుకుపోయే అమిలాయిడ్ అనే పదార్థాన్ని వదిలించడంలో అది సాయపడుతుంది. కొవ్వు ఎక్కించే పంపు పేరు ఏబీసీఏ1. ఈ రెండింటి జన్యువుల్నీ ఆన్ చేసేది ఎల్‌ఎక్స్‌ఆర్ అనే రిసెప్టర్, అదీ ఆర్‌ఎక్స్‌ఆర్ అనే ఇంకోదానితో జత కట్టాకే. ఆర్‌ఎక్స్‌ఆర్ ఒక్క ఎల్‌ఎక్స్‌ఆర్‌తోనే ఆగదు. పీపీఏఆర్, ఎఫ్‌ఎక్స్‌ఆర్, థైరాయిడ్ రిసెప్టర్, ఇలా అడిగిన వాళ్లందరితోనూ జత కడుతుంది. తలనొప్పంతా అక్కడే.

చేరిన మొదటి వారంలో మా గైడ్ మేడమ్ రెండు కట్టల కాగితాలు కలిపి పిన్ను కొట్టి ఇచ్చారు. "విడదీసి చదవకు" అన్నారు. మొదటిది 2012లో సైన్స్ పత్రికలో గ్యారీ లాండ్రెత్ బృందం వేసిన పేపర్. బెక్సారోటీన్ అనే మందు ఆర్‌ఎక్స్‌ఆర్‌ని ఆన్ చేస్తుంది. అమెరికాలో 1999లోనే చర్మానికి వచ్చే ఒక రకం లింఫోమా క్యాన్సర్‌కి అనుమతి పొందింది. దాన్ని అల్జీమర్స్ నమూనా ఎలుకలకి ఇస్తే 72 గంటల్లో మెదడులోని అమిలాయిడ్ ఫలకాలు సగానికి పైగా తగ్గాయని ఆ పేపర్ చెప్పింది. రెండో కట్టలో అదే పత్రికలో 2013 మే నెలలో వచ్చిన నాలుగు వ్యాఖ్యలు. నాలుగు బృందాలు విడివిడిగా ప్రయత్నిస్తే ఫలకాలు తగ్గడం ఎవరికీ కనిపించలేదు. ఒక బృందానికి మాత్రం కరిగి ఉన్న అమిలాయిడ్ తగ్గడం, ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగవడం కనిపించాయి. మందుని ఎలా తయారుచేసి ఇచ్చారన్న దాని మీద పెద్ద వాదనే జరిగింది. అప్పుడు నాకది చిన్న సాకులా అనిపించింది. ప్లేట్ పట్టుకున్నాక అలా అనిపించలేదు.

నా పరీక్ష వినడానికి సులువే. కణాల్లోకి రిసెప్టర్ జన్యువుని పంపుతాం. దానితోపాటు, రిసెప్టర్ కూర్చునే డీఎన్‌ఏ ముక్క వెనక మిణుగురు పురుగు నుంచి తీసిన లూసిఫరేజ్ జన్యువుని తగిలించి పంపుతాం. కాంపౌండ్ పనిచేస్తే వెల్ వెలుగుతుంది. ఆ వెలుగుని యంత్రం లెక్కపెడుతుంది.

మొదటి ప్లేట్‌లో మందు వేసిన వెల్స్ దివ్యంగా వెలిగాయి. ఆ సాయంత్రం ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మర్నాడు లెక్క వేస్తే మందు వెయ్యని వెల్స్ కూడా దాదాపు అంతే వెలిగాయి. తేడా 1.3 రెట్లు. అంటే ఏమీ లేనట్టే.

మళ్లీ చేశాను. అంతే. జన్యువుని మోసుకెళ్లే డీఎన్‌ఏ చుట్ట, అంటే ప్లాస్మిడ్ మార్చాను, పిపెట్లు కాలిబ్రేట్ చేయించాను, యంత్రాన్ని అనుమానించాను. మూడు నెలలు ఇదే వరస. రాత్రి పడుకుంటే కూడా ఆ తెల్ల ప్లేటే కళ్ల ముందు. ఒకరోజు మా సీనియర్ నా భుజం మీదుగా తొంగిచూసి, "సీరం ఏది వాడుతున్నావ్?" అంది.

అందరూ వాడేదే వాడుతున్నాను, కణాలు పెరగడానికి పోసే దూడ పిండం సీరం, అంటే రక్తం నుంచి తీసిన ద్రవం. "అందులో ఏముంటాయో తెలుసా?" అని అడిగింది. విటమిన్ ఎ రూపాలు, స్టెరాయిడ్లు, కొలెస్ట్రాల్ నుంచి పుట్టే ఆక్సీస్టెరాల్స్. అంటే నేను వెతుకుతున్న రిసెప్టర్లకి కావలసినవన్నీ నేనే పోసి, ఏమీ పొయ్యలేదనుకుంటున్నాను. కణాలు పెరిగే ద్రవానికి, అంటే మీడియంకి, ఎర్ర రంగు ఇచ్చే ఫీనాల్ రెడ్ కూడా ఈస్ట్రోజెన్‌లా కాస్త నటిస్తుందని తనే చెప్పింది. ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మీద పనిచేసేవాళ్లు అందుకే రంగులేని మీడియం వాడతారు. ఏళ్లుగా తెలిసిన విషయాలే. నాకే తెలియలేదు.

బొగ్గుపొడితో ఆ అణువులన్నీ పీల్చేసిన సీరం దొరుకుతుంది. అది తెప్పించి పోస్తే కణాలు అలిగాయి. పెరగవు, ప్లేట్‌కి అంటుకోవు, కడిగితే ఊడి వచ్చేస్తాయి. చివరికి కుదిరిన పద్ధతి ఇది: మొదటి 24 గంటలు మామూలు సీరంలో పెంచి, తర్వాత మెల్లగా మార్చి, మందు అప్పుడే వెయ్యడం. కాంపౌండ్లని కరిగించే డీఎంఎస్‌ఓ అనే ద్రావకం అన్ని వెల్స్‌లోనూ కచ్చితంగా 0.1 శాతం. అంచు వెల్స్‌లో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి వాటిలో ఉత్త మీడియం పోసి వదిలెయ్యడం. పోలిక కోసం వాడే 9-సిస్ రెటినోయిక్ ఆమ్లం వెలుతురు తగిలితే రూపం మారిపోతుంది కాబట్టి ఆ పని మసక పసుపు లైటులో. ఆ లైటులో లేబుళ్లు చదవలేక రెండుసార్లు ప్లేట్ తిరగేసి లోడ్ చేశాననుకోండి, అది వేరే కథ.

1.3 కాస్తా 7 రెట్లు అయింది. అప్పుడు మా దగ్గరున్న 60 కాంపౌండ్లు వేశాను. ఒకటి 20 రెట్లు వెలిగింది. దానికో ముద్దుపేరు కూడా పెట్టుకున్నాను. మేడమ్ ప్రింటవుట్ చూసి సంతోషించలేదు. "రిసెప్టర్ కూర్చునే ముక్క తీసేసిన ప్లాస్మిడ్‌తో మళ్లీ చెయ్యి" అన్నారు.

అందులోనూ వెలిగింది.

కారణం వింటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు. కొన్ని అణువులు లూసిఫరేజ్‌కే అంటుకుని, కణంలో అది త్వరగా చెడిపోకుండా కాపాడతాయి. ఎంజైమ్ పోగుపడి వెలుగు పెరుగుతుంది. నిజానికి ఆ అణువు లూసిఫరేజ్‌ని ఆపేదే! రిసెప్టర్‌తో దానికి ఏ సంబంధమూ లేదు. ముద్దుపేరు ఉన్న ట్యూబుని ఫ్రీజర్ అడుగున పెట్టేశాను.

మిగిలిన వాటిలో ఒకటి నిలబడింది, 4 రెట్లు. మెదడులో న్యూరాన్లకి అండగా ఉండే ఆస్ట్రోసైట్ కణాలకి ఇస్తే ఏబీసీఏ1 పెరిగింది, అపోఈ బయటికి ఎక్కువ వచ్చింది. కాలేయ కణాలకి ఇస్తే కొవ్వు తయారుచేసే జన్యువులు కూడా లేచాయి. ఎల్‌ఎక్స్‌ఆర్‌ని ఆన్ చేసే మందుల పాత జబ్బే అది. బెక్సారోటీన్‌ని 20 మంది రోగులకి ఇచ్చి చూసిన ట్రయల్ ఫలితం 2016లో వచ్చింది. అక్కడా రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు పెరిగాయి. అల్జీమర్స్ ముప్పుని పెంచే అపోఈ4 అనే జన్యు రూపం లేనివాళ్లలో అమిలాయిడ్ తగ్గినట్టు కనిపించినా, మొత్తం మీద ఆశించింది రాలేదు. పీపీఏఆర్ వైపు చూసినా అదే కథ: షుగర్ మందు పయోగ్లిటజోన్‌ని చిన్న మోతాదులో ఇచ్చి చూసిన, 3 వేల మందికి పైగా పాల్గొన్న టుమారో ట్రయల్‌ని ఫలితం కనిపించక 2018 జనవరిలో ఆపేశారు.

పీహెచ్‌డీ చివర జరిగే మౌఖిక పరీక్ష, వైవాలో ఎగ్జామినర్ నా గ్రాఫులన్నీ ఓపిగ్గా చూశారు. సీరం గురించి రాసిన రెండు పేజీలు బాగున్నాయన్నారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అప్పుడు అడిగారు: "ఇంతకీ నీ కాంపౌండ్ మెదడులోకి వెళ్తుందా?"

మెదడు రక్తనాళాల గోడల్లో పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు ఉంటుంది, నచ్చనివాటిని తిరిగి రక్తంలోకి తోసేస్తుంది. ఆ పంపు ఉన్న కణాల మీద నా కాంపౌండ్‌ని అప్పటికే పరీక్షించాను. బెక్సారోటీన్ కూడా మనుషుల వెన్నెముక ద్రవంలోకి చాలా తక్కువే చేరుతుందని చదివి ఉన్నాను.

"లేదు సర్, లోపలికి వెళ్లింది వెళ్లినట్టే బయటికి వచ్చేస్తోంది" అన్నాను.

"అది చాప్టర్‌లో ఎక్కడుంది?"

అనుబంధంలో, చివరి పేజీలో పెట్టాను. దాన్ని ముందుకు తెచ్చి, మొదటి బొమ్మగా వేసి ఇమ్మన్నారు. సవరణకి నెల గడువిచ్చారు. వారంలో ఇచ్చేశాను.