సన్‌ప్యాక్ షీటుతో చేసిన నా మొదటి విమానం

2014 మే నెల. మా వైపు పోలింగ్ 7వ తేదీన అయిపోయింది. రిమోట్‌తో ఎగిరే చిన్న విమానం చేద్దామని, తర్వాత రెండు రోజులకి తెనాలిలో ఒక ఫ్లెక్సీ షాపుకి వెళ్లి, ఎన్నికల కోసం వేసి ప్రింటు తప్పుగా పడిన సన్‌ప్యాక్ (లోపల బోలుగా ఉండే ప్లాస్టిక్ అట్ట) బోర్డులు మిగిలాయా అని అడిగాను. షాపాయన మూలనున్న కట్ట చూపించి "ఎన్ని కావాలంటే అన్ని తీసుకెళ్లు బాబూ" అన్నాడు. ఆరు షీట్లు సైకిల్‌కి కట్టుకుని ఊరికొచ్చాను.

మిగతావి కొనక తప్పలేదు. ఇంజనీరింగ్ చదువుతూ హైదరాబాద్‌లో టెన్త్ పిల్లలకి ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఎనిమిదిన్నర వేలూ వాటికే అయిపోయాయి. ఆరు ఛానెళ్ల రిమోట్, 1000 కేవీ మోటారు, దాని వేగాన్ని నడిపే 30 యాంపియర్ల ఈఎస్‌సీ, విమానంలో కదిలే పలకల్ని తిప్పే 9 గ్రాముల చిన్న మోటార్లు (సర్వోలు) నాలుగు, మూడు సెల్స్ లైపో బ్యాటరీ, ఛార్జరు. వైర్లూ కనెక్టర్లూ కోఠి గుజరాతీ గల్లీలో తీసుకున్నాను. కేవీ అంటే కిలోవోల్టు అనుకునేవాణ్ని. కాదు, లోడ్ లేనప్పుడు ఒక్కో వోల్టుకి మోటారు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క అది.

సన్‌ప్యాక్ లోపల సన్నటి గొట్టాలు వరసగా ఉంటాయి. అవి రెక్క పొడుగునా వచ్చేలా కోయాలి. అటుది ఇటు కోస్తే రెక్క గాల్లోనే మడతపడుతుంది. 120 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు పెట్టి, లోపల స్కూలు పిల్లల చెక్క స్కేళ్లు వెన్నులా అతికించాను. తోక దగ్గర కదలాల్సిన చోట షీటు పై పొర ఒక్కటే కోస్తే కింది పొరే మడతబందులా పనిచేస్తుంది. సర్వోల నుంచి వాటికి సైకిల్ చువ్వలు. అంతా బిగించి కిరాణా కొట్టు కాటాలో పెడితే 960 గ్రాములు తూగింది.

రోజూ సాయంత్రం ఎదురింటి మాస్టారు వచ్చి పక్కన కూర్చునేవారు. ఆయన కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ క్యాడెట్. అప్పట్లో వాళ్లు ఎగరేసిన విమానాలకి రిమోట్ లేదు. రెండు సన్నటి తీగలు పట్టుకుని తనచుట్టూ తాను తిరుగుతూ నడపడమే. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపి ఇంజన్‌కి పోసేవాళ్లట. "రెండు రోజులైనా చేతుల వాసన పోయేది కాదురా" అనేవారు.

మినుము కూడా తీసేశాక పొలాలు ఖాళీగా ఉన్నాయి. తెల్లవారి గాలి లేని వేళ, ఐదున్నరకి వెళ్లాం. తమ్ముడు విసిరాడు. విమానం ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా లేచి, ఒక్క క్షణం ఆగి, ఎడమ రెక్క మీదకి ఒరిగి పడిపోయింది. ప్రొపెల్లర్ విరిగింది, మోటారు బిగించిన చెక్క చీలింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సాయంత్రం మాస్టారు రెక్క కింద, ముందు అంచుకి 6 సెంటీమీటర్ల దగ్గర రెండు వేళ్లు పెట్టి విమానాన్ని పైకెత్తారు. తోక కిందికి వాలిపోయింది. అక్కడ సమంగా నిలవాల్సింది, కానీ బరువంతా 8 సెంటీమీటర్ల దగ్గర నిలుస్తోంది. ఆ తేడా 2 సెంటీమీటర్లే, కానీ దాన్ని సరిచేయడానికి 180 గ్రాముల బ్యాటరీని దాదాపు 11 సెంటీమీటర్లు ముందుకి జరపాల్సి వచ్చింది. ముక్కు భాగం మొత్తం కోసి మళ్లీ కట్టాను. అన్ని రోజులు కొలతలన్నీ చూసుకుని, ఈ ఒక్కటీ చూసుకోలేదు.

రెండోసారి చక్కగా లేచింది. దూరం వెళ్లింది, తిప్పాను. నా వైపు వస్తున్నప్పుడు దాని కుడి నాకు ఎడమ. చేయి తడబడి గట్టుకి కొట్టేశాను. కుడి రెక్క చీలింది.

"ఎదురొస్తున్నప్పుడు కుడీ ఎడమా ఆలోచించకు. ఏ రెక్క కిందికి వాలితే స్టిక్‌ని అటే నెట్టు, లేస్తుంది" అన్నారు మాస్టారు. ప్రొపెల్లర్ తీసేసి, ఆయన మా అరుగు ముందు విమానాన్ని నా వైపు తిప్పి పట్టుకుని అటూ ఇటూ వంచేవారు. నేను స్టిక్ కదపాలి. మూడు సాయంత్రాలు, చీకటి పడేదాకా అదే పని. ఆయన చేతులు నొప్పి పుట్టాయేమో, ఒక్కసారీ అనలేదు. ఇప్పటికీ ఎవరైనా కొత్తవాళ్లు అడిగితే నేను ముందు ఇదే చేయిస్తాను.

మూడోసారి ఎగిరింది. షీటు తెల్లటి వైపు పైకి, ప్రింటున్న ఎర్రటి వైపు కిందికి పెట్టడం ఎంత మంచిదైందో అప్పుడు తెలిసింది. దూరంలో ఎటు ఒరిగిందో ఎరుపు కనబడగానే అర్థమైపోయేది. రెక్క కింద 'మీ అమూల్యమైన' అనే అక్షరాలు మా తల మీదుగా వెళ్తుంటే తమ్ముడు కేకలు వేస్తూ దాని వెంట పరిగెత్తాడు. ఒక గద్ద వచ్చి పక్కనే ఒక చుట్టు చుట్టి వెళ్లిపోయింది. నా మోకాళ్లు వణుకుతూనే ఉన్నాయి. నాలుగు నిమిషాల తర్వాత థ్రాటిల్ తగ్గించాను. బీటలు వారిన మాగాణిలో పొట్ట మీద జారి ఆగింది. ప్రొపెల్లర్ విరగలేదు.

మాస్టారు రిమోట్ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. "ఇంకోసారికి ఛార్జింగ్ ఉందా?" అన్నారు. ఉన్నది ఒక్కటే బ్యాటరీ, రేపు పొద్దున మీరే నడపండి మాస్టారూ అన్నాను.

మర్నాడు ఐదింటికి నేను లేచేసరికి ఆయన టార్చిలైటు పట్టుకుని మా గేటు దగ్గర నిలబడి ఉన్నారు.