సోమవారం నాటి ప్రేక్షకులు

తెలుగువాళ్ళకు సినిమా మీద మోజు తగ్గిపోయిందనే మాట ఇప్పుడు సినిమా తీసేవాళ్ళ నోటి వెంటే వినవస్తోంది. 2024 మే నెలలో తెలంగాణలోని సింగిల్ స్క్రీన్ థియేటర్ల యజమానులు పది రోజుల పాటు ఆటలు ఆపేయాలని నిర్ణయించుకున్నప్పుడు ఎన్నికలనీ, ఐపీఎల్ అనీ, పెద్ద సినిమాలు లేవనీ కారణాలు చెప్పారు. ఆ కారణాలు అబద్ధాలు కావు. కానీ పిల్లలకు సెలవులిచ్చి, చుట్టాలు ఊళ్ళకు వచ్చి, సాయంత్రమైతే ఎటైనా వెళ్దామని ఇల్లిల్లూ ఎదురుచూసే నెలలో థియేటరుకు తాళం వేసుకోవడమంటే, మంచి పదునున్న రోజుల్లో పొలాన్ని బీడు పెట్టుకోవడంతో సమానం. ఎన్నికలు ఎప్పుడో ఒకసారి వస్తాయి, ఐపీఎల్ 2008 నుంచీ దాదాపు ప్రతి వేసవిలోనూ ఉంది. అసలు కారణం వెతకవలసింది ఇంకాస్త లోపల అని నా అభిప్రాయం.

ఓటీటీ వచ్చి థియేటరును మింగేసిందనీ, సెల్‌ఫోను వచ్చి టీవీని మింగేసిందనీ చెప్పడం తేలిక. ప్రేక్షకులు మొహం తిప్పుకోవడానికి చాలా ముందే మామూలు ప్రేక్షకుడి అవసరం లేకుండా వ్యాపారం నడుపుకునే పద్ధతికి పరిశ్రమ అలవాటు పడిందని నేను నమ్ముతున్నాను. ఒక పెద్ద హీరో సినిమా డబ్బు ఎలా తిరిగి వస్తుందో చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. షూటింగు పూర్తికాకముందే డిజిటల్ (ఓటీటీ) హక్కులు ఒకరికి, శాటిలైట్ (టీవీ) హక్కులు ఒకరికి, హిందీ డబ్బింగు హక్కులు ఇంకొకరికి, పాటల హక్కులు మరొకరికి అమ్ముడవుతాయి. మిగిలిన భారం నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ ఏరియాల వారీగా పంపిణీదారుల మీద పడుతుంది. అడ్వాన్సుగా కట్టిన సొమ్మును ఆ పంపిణీదారు ఎక్కువ భాగం మొదటి మూడు నాలుగు రోజుల్లోనే రాబట్టుకోవాలి. అందుకే ఊళ్ళో ఉన్న తెరలన్నిటి మీదా అదే సినిమా పడాలి, ప్రభుత్వాన్ని అడిగి మొదటి వారానికి టికెట్టు ధర పెంచుకోవాలి, తెల్లవారకముందే ఆటలు మొదలుపెట్టాలి. ఆదివారం రాత్రికి లెక్క ముగిసిపోతే, ఆ తర్వాత వచ్చేవాళ్ళు వస్తారా రారా అన్నది రెండో ప్రశ్న అవుతుంది. సోమవారం నాడు వసూళ్ళు నిలబడతాయా లేదా అని చూడటానికి సినిమా వ్యాపారంలో మండే టెస్టు అని పేరు కూడా ఉంది.

సోమవారం నాడు ఎవరు వస్తారు? హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కట్టేవాళ్ళు అప్పటికే రెండుసార్లు చూసేసి ఉంటారు. పక్కింటివాళ్ళు చూసి బాగుందని చెప్తే కదిలేవాళ్ళు, ఆదివారం రద్దీకి జంకే పెద్దవాళ్ళు, భర్తను ఆఫీసుకూ పిల్లల్ని బడికీ పంపించి ఒక పూట తమకోసం దొరకబుచ్చుకునే ఆడవాళ్ళు వచ్చేది సోమవారం తర్వాతే. రీలు డబ్బాలు బస్సులెక్కి ఊరూరా తిరిగిన కాలంలో ప్రింట్లు కొన్నే ఉండేవి కనుక సినిమా ముందు పెద్ద ఊళ్ళలో ఆడి, ఆ తర్వాత చిన్న ఊళ్ళకు వచ్చేది. అది వచ్చేసరికి దాని గురించిన మంచీ చెడూ ముందే వచ్చి ఉండేవి. వంద రోజుల పోస్టరు పడాలంటే సోమవారాలూ బుధవారాలూ నిండవలసిందే, అవి నింపేది మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్ళే. యద్దనపూడి సులోచనారాణి నవలలు ‘మీనా’, ‘జీవన తరంగాలు’ 1973లోనూ, ‘సెక్రటరీ’ 1976లోనూ సినిమాలుగా వచ్చాయంటే, వారపత్రిక కోసం గుమ్మంలో ఎదురుచూసే పాఠకురాలు టికెట్టు కొని కూడా వస్తుందని నిర్మాతలకు తెలుసు కాబట్టే. ఆ సినిమాలన్నీ గొప్పవని నేను అనడం లేదు. ఆమెను దృష్టిలో పెట్టుకుని డబ్బు పెట్టేవాళ్ళు ఆనాడు ఉండేవారన్నదే నాకు ముఖ్యం.

ధరల సంగతి అందరికీ తెలిసిందే గనుక ఎక్కువ చెప్పను. 2021 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం మల్టీప్లెక్సులో మామూలు సీటుకు 250 రూపాయల దాకా తీసుకోవచ్చు, దాని మీద 18 శాతం జీఎస్టీ. నలుగురున్న ఇంటికి టికెట్లే 1,180 రూపాయలు. ఆన్‌లైన్ బుకింగు రుసుము, రానూపోనూ ఆటో, విరామంలో పిల్లలడిగే పాప్‌కార్న్ వేరు. పెద్ద సినిమాకు పెంచుకునే ధర దీని మీద అదనం. 2024 డిసెంబరు 4 రాత్రి వేసిన ‘పుష్ప 2’ ప్రీమియర్లకు టికెట్టు మీద 800 రూపాయలు అదనంగా తీసుకోవడానికి అనుమతి ఇచ్చారు. ఆ రాత్రే హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటరు దగ్గర తొక్కిసలాట జరిగి, భర్తాపిల్లలతో సినిమాకు వచ్చిన ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. దాని మీద నెలల తరబడి జరిగిన చర్చ అంతా అరెస్టుల చుట్టూ, రాజకీయాల చుట్టూ తిరిగింది. ఒక కుటుంబం మొదటి రోజే, అంత ధర పెట్టి, అంత రద్దీలోనే సినిమా చూడాలన్న ఒత్తిడి ఎక్కణ్ణుంచి వచ్చిందో మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా కనిపించలేదు.

ఇక తెర మీదకు వస్తే, 2015లో ‘బాహుబలి’ తర్వాత తెలుగు సినిమాకు దేశమంతా మార్కెట్టు ఏర్పడింది. అందుకు నాకు గర్వంగానే ఉంది. అయితే అయిదు భాషల్లో ఒకే రోజు విడుదల కావలసిన కథకు ఊరు ఒక అడ్డంకి అయి కూర్చుంది. పాత్ర ఏ జిల్లా మనిషో, ఏ కూర తింటాడో, మేనమామను ఏ చనువుతో పిలుస్తాడో చూపిస్తే మిగతా నాలుగు భాషలవాళ్ళకు అర్థం కాదేమోనన్న భయం పట్టుకుంది. అందుకే చాలా సినిమాల్లో ఒక ఓడరేవు, ఒక గని, ఎప్పుడూ పొగ కమ్ముకుని ఉండే ఒక ఊహాలోకం తయారవుతున్నాయి. హీరో మొహం చూపించేముందు చెప్పు, చేతి గడియారం, భుజం వరసగా చూపిస్తారు. పక్కనున్న నలుగురు అతనెంత భయంకరుడో చెప్తారు. ఎలివేషన్ అనే ఈ తంతు మూడు గంటల్లో అయిదారుసార్లు జరుగుతుంది. కథానాయికకు రెండు పాటలు, ఒక కన్నీటి సన్నివేశం దక్కుతాయి. ఆమె ఏం పని చేస్తుందో, ఇంటి అద్దె ఎలా కడుతుందో ఎవరూ చెప్పరు. ఇది చూసి ఊగిపోయే ప్రేక్షకులు ఉన్నారు, వాళ్ళ ఆనందాన్ని నేను తక్కువ చేయను. కానీ ఏ తెర చూసినా అదే వేస్తే మిగతావాళ్ళు ఇంట్లోనే ఉండిపోతారు.

టీవీ ఆడవాళ్ళను వదులుకోలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. వదులుకోలేదు. కానీ అక్కడ జరిగింది ఇంకా బాధాకరమని నాకనిపిస్తుంది. మా అత్తగారితో కలిసి చూసిన ఒక సీరియల్ ఎపిసోడు సంగతి చెప్తాను. కోడలు చేతిలో పాయసం గిన్నెతో హాల్లోకి వచ్చి, ‘నేను ఆ కాగితం చూశాను’ అంది. వెంటనే ఉరుము లాంటి శబ్దం వచ్చింది, హాల్లో ఉన్న ఏడుగురి మొహాలనూ కెమెరా ఒక్కొక్కటిగా దగ్గరకు లాగి చూపించింది, మళ్ళీ మొదటి మొహం నుంచి మొదలుపెట్టింది, ఈసారి రంగు మార్చి. ప్రకటనలు వచ్చాయి. తిరిగి వచ్చాక కోడలు అదే మాట మళ్ళీ అంది. ఎపిసోడు ముగిసేసరికి ఆ కాగితం ఏమిటో ఎవరూ అడగలేదు, పాయసం ఎవరూ తినలేదు. మా అత్తగారు రిమోట్ పక్కన పెట్టి, ‘ఏముందమ్మా, వారం పోయాక చూసినా వీళ్ళు ఇక్కడే నిలబడి ఉంటారు’ అన్నారు. ఇప్పుడు ఆవిడ రోజూ చూడటం మానేశారు.

ఆ సాగతీత వెనక కూడా లెక్కలే ఉన్నాయి. గంటకు పన్నెండు నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన ఉంది కనుక అరగంట సీరియల్‌లో మిగిలేవి ఇరవై నాలుగు నిమిషాలు. అందులో నిన్నటి భాగం, రేపటి భాగం, టైటిల్ పాట పోగా మిగిలిన కాస్తలో వారానికి అయిదారు రోజులు, సంవత్సరాల తరబడి కథ నడపాలి. స్టార్ మాలో ‘కార్తీక దీపం’ 2017 నుంచి 2023 జనవరి దాకా నడిచింది, 1,500 ఎపిసోడ్లు దాటింది. దాని మూలం మలయాళ సీరియల్. ‘ఇంటింటి గృహలక్ష్మి’, ‘గుప్పెడంత మనసు’, ‘బ్రహ్మముడి’ బెంగాలీ సీరియల్స్ నుంచి వచ్చాయి. పొరుగు భాష నుంచి కథ తెచ్చుకోవడం తప్పు కాదు, మన సినిమాలూ నాటకాలూ ఎప్పుడూ చేసిన పనే. కానీ తెలుగు ఇంటి వంటగదిలో, తెలుగు ఇంటి అప్పుల్లో పుట్టిన కథ కోసం వెతికే ఓపిక పోయింది. టీవీ చూసేవాళ్ళను లెక్కగట్టే బార్క్ సంస్థ ప్రతి గురువారం ఇచ్చే రేటింగుల్లో ఏ చానల్ ముందుందన్నదే పందెం కాబట్టి, మొత్తం చూసేవాళ్ళు తగ్గినా మొదటి స్థానం మొదటి స్థానంగానే ఉంటుంది. లేచి వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారని అడిగే నాథుడు ఉండడు.

వెళ్ళిపోయినవాళ్ళు కథలు మానేసి కూర్చోలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో కొందరు కుర్రవాళ్ళు తమ ఊరి పనులూ పండుగలూ తమ యాసలో తీసి యూట్యూబులో పెడితే, అరవై ఏళ్ళ వ్యవసాయ కూలీ గంగవ్వను రెండు రాష్ట్రాలవాళ్ళూ సొంత మనిషిలా చూసుకున్నారు. టీవీ ఆమెను గుర్తించి 2020లో బిగ్ బాస్ ఇంట్లోకి తీసుకువెళ్ళింది. పొలమూ వాకిలీ కావలసిన మనిషి ఆ తాళం వేసిన ఇంట్లో ఉండలేక ఆరోగ్యం దెబ్బతిని మధ్యలోనే బయటికి వచ్చేసింది. ఆమె మొహం జనానికి నచ్చిందని టీవీ గ్రహించింది గానీ, ఆ మొహం ఏ ఊరి మధ్య ఉన్నప్పుడు నచ్చిందో గ్రహించలేదు.

అన్నిటికంటే పెద్ద సాక్ష్యం 2023 మార్చిలో వచ్చిన ‘బలగం’. చావు జరిగిన ఇంట్లో పిట్టకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోవడం మీద కథంతా నిలబడి ఉంటుంది. చనిపోయిన పెద్దమనిషికి ఇష్టమైనవన్నీ వండి పెట్టినా కాకి రాదు, ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, పాత పంపకాల గొడవలు బయటపడతాయి. పేరున్న హీరో లేడు. థియేటర్లలో ఆడుతూ, నెల తిరగకుండానే ఓటీటీలోకి వచ్చింది కూడా. ఓటీటీలో దొరికే సినిమా కోసం ఎవరూ బయటికి రారన్న వాదం నిజమైతే, తెలంగాణ పల్లెల్లో జనం గ్రామపంచాయతీల ముందు తెర కట్టించుకుని, చాపలు పరుచుకుని, ఊరంతా కలిసి ఎందుకు చూసినట్టు? ఎవరి ఫోనులో వాళ్ళు పడుకుని చూసుకోగలిగిన సినిమా అది. చివర్లో బుడగ జంగాల పాట వచ్చేసరికి ముసలీ ముతకా వెక్కి వెక్కి ఏడ్చారు. విడిపోయిన అన్నదమ్ములు ఆ ప్రదర్శన చూశాక కలుసుకున్నారని పత్రికల్లో చదివాం. పక్కన నలుగురు ఉండగా కథ చూడాలన్న కోరిక ఈ జనంలో ఎక్కడికీ పోలేదు. 2025 సంక్రాంతికి కుటుంబమంతా కలిసి నవ్వుకునే ఒక సినిమా రాగానే, ఎప్పుడో థియేటరు ముఖం చూసిన పెద్దవాళ్ళు సైతం కదిలారు. పండుగ నాలుగు రోజులు పోతే మిగతా ఏడాదిలో వాళ్ళకోసం ఏం ఉంటోందన్నదే నా బాధ.

దీనికి నిర్మాతలు వెతికిన మందులు నాకు పైపూతలుగానే కనిపిస్తున్నాయి. 2022 ఆగస్టులో షూటింగులు ఆపి మరీ చర్చించుకుని, ఓటీటీలోకి వెళ్ళే గడువు పెంచాలన్నారు. చాలా సినిమాలు ఇప్పటికీ నాలుగు వారాలకే వచ్చేస్తున్నాయి. గడువు ఎనిమిది వారాలు చేసినా, చూడాలని లేని సినిమా కోసం ఎవరూ వెళ్ళరు, ఎనిమిది వారాలు ఆగుతారు, లేదా మరిచిపోతారు.

నాకు ఆశ కలిగించింది 2025 మేలో ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవాళ్ళు, లేవనెత్తిన గొడవ. థియేటరుకు ఇంత అని పంపిణీదారు ఇచ్చే అద్దె పద్ధతి వద్దు, మల్టీప్లెక్సులకు ఇస్తున్నట్టే మాకూ వసూళ్ళలో పర్సంటేజీ ఇవ్వండి, లేకపోతే జూన్ 1 నుంచి థియేటర్లు మూస్తాం అన్నారు. అది రాజకీయమైపోయి, మూసివేత ఆగిపోయి, అసలు విషయం కమిటీల పాలయింది. కానీ ఆ కోరికలో న్యాయం ఉంది. అద్దె వస్తుంటే హాల్లో ఎవరున్నారన్నది యజమానికి పట్టదు. జనం బాగా వచ్చే రోజుల్లో అద్దె ఇచ్చి, పలచబడ్డాక పర్సంటేజీకి దిగితే అతనికి మిగిలేది ఖాళీ కుర్చీలే. మొదటి రోజు నుంచీ వాటా ఉంటే, బుధవారం మ్యాట్నీకి ఎవరు రాగలరో, వాళ్ళకు ఎంత ధర సరిపోతుందో, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందో లేదో అతనే చూసుకోవలసి వస్తుంది. వారం మధ్యలో టికెట్టు సగం ధరకు ఇచ్చే స్వేచ్ఛ కూడా అతనికి ఉండాలి. సోమవారం నుంచి గురువారం దాకా వచ్చిన వసూళ్ళు పంపిణీదారుకూ, అక్కణ్ణుంచి నిర్మాతకూ లెక్కలో కనిపించడం మొదలైతే, కథ వినేటప్పుడు ‘ఇందులో మ్యాట్నీకి వచ్చే ఆడవాళ్ళకు ఏముంది’ అని అడిగే నిర్మాత మళ్ళీ తయారు కావచ్చు.